అమ్మమ్మ అసలు పేరేంటి?

పోయిన సంచికలో ఇక్కడ భండారు అచ్చమాంబ గురించి కాస్త రాశాను. 1874లో పుట్టి, చిన్నప్పుడే పెళ్లయిపోయి, బడి మొహం చూడకుండా తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుని, 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో ఆడవాళ్ల జీవితచరిత్రలు అచ్చేయించి, 1905లో ముప్పై ఏళ్లకే పోయిన మనిషి. దాని మీద బోలెడు ఉత్తరాలొచ్చాయి. తమాషా ఏంటంటే సగం మంది అచ్చమాంబని పక్కనపెట్టి తమ ఇంట్లో ముసలావిడ గురించి అడిగారు. నాకు అదే నచ్చింది, అందుకే ఈసారి మొదట అవే.

మా అమ్మమ్మకి ఎనభై ఆరేళ్లు. ఆవిడ కథ రాద్దామని ఫోన్లో రికార్డింగ్ పెట్టి కూర్చుంటే “నాకేం తెలుసే, వండాను, వడ్డించాను, అంతేగా” అని లేచి వెళ్లిపోతోంది. తాతయ్య పక్కనుంటే ఆయనే అన్నీ చెప్పేస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

ముందు తాతయ్యగారిని ఏదో ఒక పని మీద బజారుకి పంపండి. నవ్వులాటకి అనడం లేదు. పక్కన మగవాళ్లు కూర్చున్నప్పుడు చెప్పే కథ వేరు, వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పే కథ వేరు. మీరూ ఓ గుప్పెడు కాయలు ముందేసుకుని కూర్చోండి, ఫోన్ పక్కన పెట్టుకోండి, రికార్డు అవుతోందని మాత్రం చెప్పండి. దొంగతనంగా చేయొద్దు.

రెండో సంగతి, “నీ జీవితం గురించి చెప్పు అమ్మమ్మా” అని అడగొద్దు. అలా అడిగితే ఎవరైనా బెదిరిపోతారు. వస్తువుని పట్టుకుని అడగండి. నేను మా మామ్మ దగ్గర ఏళ్ల తరబడి ఏమీ రాబట్టలేకపోయాను. ఒకరోజు అటక మీంచి ఇత్తడి సామాను దించి చింతపండుతో తోముతుంటే ఒక బిందె మెడ మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు కనిపించింది. అది మా ఇంట్లో ఎవరి పేరూ కాదు. ఎవరిది మామ్మా అంటే, నాదే అంది! అత్తగారిదీ ఈవిడదీ ఒకటే పేరట, కోడల్ని అత్తగారి పేరుతో ఎలా పిలుస్తారు, అందుకని కాపురానికి వచ్చిన రోజునే పేరు మార్చేశారు. పుట్టింటివాళ్లు పెట్టిన పేరు ఆ బిందె మీద తప్ప ఇంకెక్కడా లేదు, రేషన్ కార్డులో కూడా లేదు. ఆ పూట మొదలుపెట్టింది, రాత్రి అన్నాల వేళ దాకా ఆపలేదు. ఆ బిందె ఎవరు కొనిచ్చారు, దాన్ని తీసుకుని బండెక్కినప్పుడు తన వయసెంత, అది ఎన్నిసార్లు తాకట్టుకి వెళ్లి వచ్చింది, ఇవన్నీ వరసగా వచ్చేశాయి. మా ఇంటి లెక్కల చరిత్ర మొత్తం ఆ బిందెలో ఉంది, మా తాతకి కూడా అందులో సగం తెలియదు.

కాబట్టి మీ ఇంట్లో గిన్నెల మీద, బిందెల మీద ఎవరి పేర్లున్నాయో చూడండి. చేతి మీద పచ్చబొట్టు ఉంటే అడగండి. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం ఉంటే దాని దస్తావేజు వెతకండి, అందులో ఆవిడ పేరు పూర్తిగా ఉంటుంది.

ఏ సంవత్సరం అంటే చెప్పలేదు, అది మామూలే. దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా అని అడగండి, 1977 నవంబరు దొరుకుతుంది. ఎన్టీఆర్ మొదటిసారి గెలిచినప్పటికి మా అమ్మకి ఎన్నేళ్లు అని అడగండి, 1983 దొరుకుతుంది. రెండు మూడు మేకులు దిగితే మిగతా కాలమంతా వాటికి వేలాడేయొచ్చు.

పేరు సంగతి చిన్నదనుకోకండి. మన మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు, 1951–52లో, ఓటర్ల జాబితా రాసేవాళ్లకి తమ పేరు చెప్పకుండా “ఫలానావాడి తల్లిని, ఫలానావాడి భార్యని” అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 28 లక్షల మంది. వాళ్లందర్నీ జాబితాలోంచి తీసేశారు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో అనుకోండి, మనవైపు కాదు. అయినా ఓటు లేకుండా పోయింది పేరు చెప్పని పాపానికి!

మా పెద్దమ్మ తెలంగాణ సాయుధ పోరాటంల దళాలకు అన్నం మోసింది, చిట్టీలు మోసింది. తుపాకి పట్టలే. ఏ పుస్తకంల ఆమె పేరు లేదు. ఇది చరిత్ర కిందికి వస్తదా?
– ఒక పాఠకుడు, జనగామ

వస్తుందండీ, ఎందుకు రాదు. మీరు జనగామ నుంచి అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, మీ చుట్టుపక్కల ఊళ్లలోనే ఈ ప్రశ్నకి జవాబు వెతికారు. 1978లో హైదరాబాద్‌లో మొదలైన స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల సంఘం వాళ్లు, కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ థారూ లాంటివాళ్లు, టేపు రికార్డర్లు పట్టుకుని పోరాటంలో ఉన్న ఆడవాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్లచేతే చెప్పించారు. అది 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పుస్తకంగా వచ్చింది. చాకలి ఐలమ్మ ఉంది అందులో, మల్లు స్వరాజ్యం ఉంది, దూడల సాలమ్మ ఉంది, కమలమ్మ ఉంది.

ఆ పుస్తకం గొప్పతనం ఎక్కడుందంటే, వాళ్లు మాట్లాడినట్టే రాశారు. అంతకుముందు ఆ పోరాటం మీద వచ్చినవన్నీ ఎక్కువగా నాయకులు రాసినవి, వాటిలో ఎన్ని ఎకరాలు పంచారు, ఎక్కడ ఎన్కౌంటర్ జరిగింది, పార్టీ తీర్మానం ఏంటి, ఇవి ఉంటాయి. ఈ ఆడవాళ్లు చెప్పినదాంట్లో అడవిలో నెలసరి వస్తే ఏం చేశారో, కడుపుతో ఉండి ఎలా నడిచారో, పసిబిడ్డ ఏడిస్తే దళం మొత్తం దొరికిపోతుందన్నప్పుడు ఏమైందో ఉంటుంది. కమలమ్మ తన బిడ్డని వేరేవాళ్లకి ఇచ్చేయాల్సి వచ్చిన సంగతి చదివాక నేను ఆ పుస్తకం మూసేసి రెండు రోజులు ముట్టుకోలేదు. 1951లో పోరాటం ఆపేశాక చాలామందిని ఇక ఇళ్లకి వెళ్లి కాపురాలు చేసుకోమన్నారు. ఆ మాట వాళ్లకి ఎంత గుచ్చుకుందో ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ గొంతుల్లో తెలుస్తుంది.

మీ పెద్దమ్మ తుపాకి పట్టలేదు, సరే. అన్నం ఎక్కడ వండింది? ఎవరి బియ్యం? పొగ కనపడకుండా ఏ వేళ పొయ్యి వెలిగించేది? గంపలో పైన ఏం కప్పి తీసుకెళ్లేది? దారిలో పోలీసులు ఆపితే ఏం చెప్పాలనుకుంది? ఇవి అడిగి రాసుకోండి, ఆమె ఎట్ల మాట్లాడితే అట్లనే రాయండి, మా పత్రిక భాషలోకి దిద్దొద్దు. ఆమె ఇప్పుడు లేకపోతే ఆమె తోటివాళ్లు, ఆమె కూతుళ్లు ఎవరున్నా సరే, ఈ వారమే వెళ్లండి. స్వరాజ్యం గారే 2022లో వెళ్లిపోయారు.

ఈ మరుగునపడ్డ స్త్రీల చరిత్ర అనేది ఈమధ్య ఫెమినిస్టులు పట్టుకొచ్చిన ఫ్యాషన్. మన పెద్దలకి ఇలాంటి పట్టింపులు లేవు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

ఈమధ్య అంటే 1901 కూడా ఈమధ్యే అయితే మీరన్నది నిజమే. అచ్చమాంబ ఆ పుస్తకం మొదలుపెట్టిందే, ఆడవాళ్లకి బుద్ధి లేదు, బలం లేదు అనేవాళ్లకి సమాధానంగా. ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ ‘ఆంధ్ర కవయిత్రులు’ రాసేనాటికి ఫెమినిజం అనే మాట మన పత్రికల్లో కనపడి ఉండదు. ఇక బెంగళూరు నాగరత్నమ్మ సంగతి చెప్పాలంటే కాస్త తీరిగ్గా చెప్పాలి, కూర్చోండి.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ‘రాధికాసాంత్వనము’ అని శృంగార కావ్యం రాసింది. తాను పెంచిన ఇళ అనే పిల్లని రాధ తన చేతులతోనే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది, ఆ తర్వాత అసూయతో దహించుకుపోతుంది, కృష్ణుడు వచ్చి బతిమాలుకుంటాడు. తెలుగులో శృంగార కావ్యాలకి కరువా చెప్పండి! కానీ రాసింది ఆడది, అందులోనూ దేవదాసి. కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్రలో ఈవిడ గురించి రాస్తూ, ఇందులో కొన్నిచోట్ల పచ్చి శృంగారం ఉంది, ఆడవాళ్లు వినదగ్గది కాదు, అనదగ్గది కాదు అన్న ధోరణిలో తీసిపారేశారు. పంతులుగారంటే నాకు గౌరవమే, ఆయన చేసిన పనికి మనందరం బాకీ. ఇక్కడ మాత్రం ఆయనది తప్పే.

నాగరత్నమ్మ కచేరీలు చేసే పెద్ద గాయని, ఆవిడా దేవదాసి కుటుంబంలో పుట్టిందే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది ఈవిడే. ఆవిడకి రాధికాసాంత్వనం అచ్చుప్రతి ఒకటి దొరికింది, తర్వాత రాతప్రతి కూడా దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివింది. అచ్చులో కొన్ని పద్యాలు లేవు, సరే అశ్లీలమని తీసేశారు అనుకుందాం. ముద్దుపళని తన గురించి, తన వంశం గురించి, అమ్మమ్మల గురించి చెప్పుకున్న భాగం కూడా లేదు! అందులో అశ్లీలమేముంది? కావ్యం మొదట్లో కవి తన వంశం చెప్పుకోవడం మన దగ్గర అందరు కవులూ చేసేదే. ఈవిడ వంశం చెప్పుకుంటే అది తల్లుల వైపు నుంచి వస్తుంది, ఆ తల్లులు దేవదాసీలు, అంతే సంగతి.

నాగరత్నమ్మ ఆ పద్యాలన్నీ తిరిగి చేర్చి 1910లో వావిళ్ల వారి ద్వారా మళ్లీ అచ్చు వేయించింది. ముందుమాటలో పంతులుగారిని ఊరికే వదల్లేదు, సిగ్గనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అనే అర్థం వచ్చేలా మొహాన్నే అడిగింది. ఫలితం ఏమైందంటే గొడవ రేగింది, ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది, ప్రతులు పట్టుకుంది. ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్నప్పుడు, 1947లో పోయింది. 1952లో పుస్తకం మళ్లీ వచ్చింది. నాగరత్నమ్మ కూడా ఆ 1952లోనే పోయింది.

ఒకసారి లెక్క చూసుకోండి. ముద్దుపళనిని వెతికి తెచ్చింది నాగరత్నమ్మ, ఆ నాగరత్నమ్మ చేసిన ఈ పనిని తర్వాతివాళ్లు మర్చిపోతే ’80ల్లో సూసీ థారూ, లలిత మళ్లీ వెతికి తెచ్చారు. అందరి చరిత్రా రాసిన అచ్చమాంబ చాలాకాలం “కొమర్రాజు వారి అక్కగారు”గానే మిగిలి, కొండవీటి సత్యవతి గారు, సంగిశెట్టి శ్రీనివాస్ గారు లాంటివాళ్లు పూనుకుంటే మళ్లీ బయటికొచ్చింది. మన దగ్గర వెతికినవాళ్లని కూడా తిరిగి వెతుక్కోవాల్సి వస్తోంది, ఫ్యాషన్ అయితే ఇంత చాకిరీ ఉండదండీ.

మా ముత్తమ్మమ్మ కళావంతుల (దేవదాసి) కుటుంబం నుంచి వచ్చిందని ఈమధ్యే తెలిసింది. నాకు గర్వంగా ఉంది, రాయాలనుంది. మా మావయ్యలు మాత్రం “పెళ్లి కావాల్సిన పిల్లలున్నారు, నీకెందుకీ గోల” అంటున్నారు.
– పేరు, ఊరు వద్దన్న పాఠకురాలు

పైన ముద్దుపళని వంశం పద్యాలు ఎందుకు పోయాయో చదివారు కదా, మీ మావయ్యల భయమూ అలాంటిదే. అలాగని వాళ్లని విలన్లని చేయడం నాకిష్టం లేదు. పెళ్లిచూపుల్లో ఏమేం అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేనైతే ఇలా చేస్తాను. రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి, అచ్చుకి ఇవ్వడం తర్వాత చూసుకోవచ్చు, అవి రెండూ ఒకటి కాదు. ముత్తమ్మమ్మ పాడిన జావళీలు, పదాలు ఎవరికైనా ఒకటి రెండు చరణాలు గుర్తున్నా రికార్డు చేసుకోండి, గజ్జెలో తంబురానో ఎక్కడైనా మిగిలి ఉంటే ఫొటో తీసుకోండి. ఏ ఆలయం, ఎవరి దగ్గర నేర్చుకుంది, మాన్యం ఉండేదా, 1947లో దేవదాసీ పద్ధతిని రద్దు చేస్తూ మద్రాసు చట్టం వచ్చాక ఏమైంది, ఇవన్నీ మీ మావయ్యల తరానికి తెలిసి ఉంటాయి. గొడవ పడితే వాళ్లు చెప్పరు, జాగ్రత్త. బయటికి ఇచ్చేటప్పుడు బతికున్నవాళ్ల పేర్లు, ఊరు తీసేసి ఇవ్వొచ్చు. ముత్తమ్మమ్మ పేరు మాత్రం ఉంచాలనే నా పట్టు. అది కూడా మార్చేస్తే ఇక రాసి లాభం లేదు. దీని మీద మీకు వేరే అభిప్రాయం ఉంటే రాయండి, వేస్తాను.

తెలుగులో తొలి కథ ‘దిద్దుబాటు’ అని బళ్లో చదువుకున్నాం. ఇప్పుడు అచ్చమాంబదే అంటున్నారు. పరీక్షలో ఏం రాయాలి?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

పరీక్షలో మీ పుస్తకంలో ఉన్నది రాయండి తల్లీ, మార్కులతో ఆటలొద్దు. పరీక్ష అయ్యాక రెండూ చదవండి. అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లో ‘హిందూ సుందరి’లో వచ్చింది, గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. తేదీల ప్రకారం ఏది ముందో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆధునిక కథకి ఉండాల్సిన లక్షణాలు ఏవి అని మొదలుపెడితే అది తెగే వాదన కాదు.

నాకు ఈ మెడల్ గొడవ కంటే ఇంకోటి ముచ్చటగా అనిపిస్తుంది. దిద్దుబాటులో సానివాళ్ల పాటకి అలవాటు పడ్డ మొగుణ్ని కమలిని చిన్న నాటకమాడి దారిలో పెడుతుంది. ధన త్రయోదశిలో పండక్కి ఇంట్లో ఏమీ లేక యజమాని డబ్బు దొంగిలించి తెచ్చిన మొగుణ్ని భార్య తిరిగి ఇచ్చిరమ్మని ఒప్పిస్తుంది. రెండు చోట్లా దిద్దింది భార్యే! ఒకటి చదివి రెండోది వదిలేస్తే ఈ పోలిక తెలిసేది కాదు.

వాట్సాప్‌లో రోజూ ఎవరో ఒక “చరిత్ర దాచిన వీరనారి” పోస్టు వస్తోంది. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

కొన్ని నిజమే, కొన్ని సగం నిజం, కొన్ని పచ్చి అబద్ధం. నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. ఒక రచయిత్రి ఫొటో అని ఎవరో పంపిస్తే ముందూ వెనకా చూడకుండా ఈ శీర్షికలోనే వేసేశాను, వారం తిరక్కుండా ఒక పెద్దావిడ ఉత్తరం రాసింది, అది తన మేనత్త ఫొటో అని. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పట్నించి ఆధారం ఏదీ అని అడగడం అలవాటైంది. పోస్టులో సంవత్సరం ఉందా, ఊరుందా, పుస్తకమో పత్రికో శాసనమో ఏదైనా చెప్పారా? ఏవీ లేకుండా కన్నీళ్లు మాత్రమే ఉంటే ముందుకి పంపకండి.

రుద్రమదేవినే తీసుకోండి. ఆవిడ ఎప్పుడు పోయిందో చెప్పింది నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం, 1289 నాటిది. రాయి మీద ఉంది కాబట్టి నమ్మాం. మళ్లీ అదే రాళ్ల మీద చాలాచోట్ల ఆవిడ పేరు “రుద్రదేవ మహారాజు” అని మగపేరుగా ఉంటుంది, తెలియనివాళ్లు చదివితే ఎవరో రాజు అనుకుంటారు. అంటే ఆధారం ఉన్నా చదవడం రావాలి, అదీ కష్టం. ఆవేశంగా తప్పుడు పోస్టు పంపితే నష్టం ఎవరికంటే, రేపు నిజంగా ఆధారంతో రాసినవాళ్లని కూడా “ఆఁ, వాట్సాప్ కథలే” అంటారు.

పాత స్త్రీల పత్రికలు ఎక్కడ చూడొచ్చు? ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినవి రాసి పెట్టాను, పుస్తకం వేసే స్తోమత లేదు, వాటిని ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

మీరు గౌతమీ గ్రంథాలయం ఉన్న ఊళ్లో ఉండి నన్నడుగుతున్నారు! ముందు అక్కడికి వెళ్లండి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, ఇవి చూడాల్సినవి. పుస్తకాలు చాలావరకు స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ‘హిందూ సుందరి’, పులుగుర్త లక్ష్మీనరసమాంబ నడిపిన ‘సావిత్రి’, కేసరి గారి ‘గృహలక్ష్మి’, ఈ మూడు పేర్లతో మొదలుపెట్టండి. వెతికేటప్పుడు ఒక చిట్కా, రచయిత్రి పేరుతో దొరక్కపోతే పుట్టింటి ఇంటిపేరుతో, అత్తింటి ఇంటిపేరుతో, చివర అమ్మ, అంబ, బాయమ్మ మార్చి మార్చి వెతకండి. ఒకే మనిషి మూడు పేర్లతో ఉండొచ్చు.

మీరు రాసినవాటికి పుస్తకం అక్కర్లేదు. ఐదారు జెరాక్సులు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించండి. ఒకటి మీకు, ఒకటి రెండు అక్కచెల్లెళ్లకి, ఒకటి మీ ఊరి లైబ్రరీకి, వాళ్లు తీసుకోం అంటే బతిమాలండి. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని, ఎవరు చెప్తే రాశారో మొదటి పేజీలో పెట్టండి. అట్ట మీద “మా అమ్మమ్మ జ్ఞాపకాలు” అని రాయకండి, ఆవిడ పేరు రాయండి. బిందె మీది పేరు.